ప్రార్థన చీటీని దిద్దిన టీచరమ్మ

నా బుర్ర అలసిపోయిందన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చినవారు మా చర్చి సంఘ కాపరి గారి భార్య సువార్తమ్మ గారు. అప్పటికే ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకూ, బడిలోవాళ్లకూ, నేనెక్కే షేర్ ఆటో డ్రైవర్‌కూ తెలుసు. నాకే తెలియదు. ఒక సోమవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఆమె మా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో మడత పెట్టిన చిన్న కాగితం ఉంది.

"వందనాలు రూతమ్మా. గిది జర సూడు. గీ ఎర్ర టిక్కులు నీయేనా?"

చూశాను. నావే.

మా మందిరంలో గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ మీద రాసి అందులో వేస్తారు. పేరు రాయనక్కర లేదు. రాసినవారెవరో వెతకకూడదన్నది మా సంఘం కట్టుబాటు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చీటీలు తీసి, రోగులవి, పరీక్షలవి, ఉద్యోగాలవి వేరువేరుగా కట్టలు కట్టి సువార్తమ్మ గారికి ఇవ్వడం నా వంతు. బుధవారం స్త్రీల కూడికలో ఆమె చదువుతారు, అందరం ప్రార్థిస్తాం. ఎలాంటి దస్తూరైనా చదవగలిగే తెలుగు టీచర్నని ఆ పని నాకు అప్పజెప్పారు. ఆ గౌరవానికి నేను ఎంత పొంగిపోయానో దేవుడికి తెలుసు.

ఆ ఆదివారం నేను మందిరానికి బైబిలుతో పాటు తొమ్మిదో తరగతి వ్యాసాల పుస్తకాలు కూడా సంచిలో పట్టుకెళ్లాను. అప్పట్లో ఎక్కడికైనా అలాగే వెళ్లేదాన్ని. ఆరాధన అయ్యాక వెనక బల్ల మీద ఒక పక్క పుస్తకాలు, ఒక పక్క చీటీలు పెట్టుకుని కూర్చున్నాను. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. మిగిలిన కథ ఆ చీటీ మీదే ఉంది.

"రేపటి నుంచి బడికి పోలేనేమో అనిపిస్తోంది. పిల్లల ముందు నిలబడితే గుండె దడగా ఉంటోంది. నిద్ర లేదు. ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. నా కోసం ప్రార్థన చేయండి."

ప్రతి వాక్యం పక్కన ఒక ఎర్ర టిక్కు. కింద నా చేతిరాత: "బాగుంది. దస్తూరి చక్కగా ఉంది. ఇలాగే కొనసాగించు." దాని కింద నా సంతకం, తేదీ.

"అయ్యో అమ్మగారూ, నేను సదవలేదు," అన్నాను.

"సదవకుంటనే బాగుందని రాసినవా?"

సువార్తమ్మ గారు కోప్పడలేదు. చీటీ మడిచి కొంగుకు ముడేసుకుని, "ఎవరు రాసిన్రో ఎతకకు. గది మన కట్టుబాటు గాదు. నువ్వయితే జర కూసో. మస్తు అలిసిపోయినవ్ బిడ్డా," అని తానే వంటింట్లోకి వెళ్లి నాకు నీళ్లు తెచ్చిచ్చారు. నా ఇంట్లో నాకు ఒకరు నీళ్లిచ్చి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. ఆ గ్లాసు నీళ్లకు ఇవాళ్టికీ కృతజ్ఞురాలిని.

ఇది జరిగి తొమ్మిదేళ్లవుతోంది. రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఫోన్ చేసి, "ముప్పయి ఒక్క ఏళ్లు ఎట్ల నెగ్గుకొచ్చిన్రు టీచర్?" అని అడుగుతుంటారు. ఎలా చేయకూడదో నాకు బాగా తెలుసు. అదే రాస్తున్నాను.

ఒక్క పిల్ల ఉన్న బడి

నేను ఏడో తరగతి దాకా బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మా నాయిన జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేసేవాడు. ఇంటి చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల పొగకు నేను బడికి నడిచి వెళ్తే సగం దారిలోనే కూలబడేదాన్ని. అందుకని అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పాత క్యాలెండర్ల వెనక రాయించేది. సాయంత్రం దీపం పెట్టే వేళకు ప్రతి అక్షరం దిద్ది, కింద ఒక మాట రాసేది. ఆ మాట చదువుకుని పడుకునేదాన్ని. ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి, ఎనిమిదిలో నేరుగా తరగతి గదిలో కూర్చున్నాను. అంతమందిని ఒకే చోట చూసి మొదటి రోజు ఏడ్చాను.

మా అమ్మకు నేను పడ్డ రుణం తీరేది కాదు. అయితే ఆమె దగ్గర నేర్చుకున్న పాఠమే నన్ను ముంచింది. చదువు చెప్పడమంటే ప్రతి పిల్ల పుస్తకం ప్రతి రోజూ దిద్ది, ప్రతి పేజీ కింద ఒక మాట రాయడమే అనుకున్నాను. మా అమ్మకు ఒక్కతే పిల్ల. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉన్న మా ఉన్నత పాఠశాలలో నాకు నూట అరవై మంది. ఈ చిన్న తేడాను గమనించడానికి నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది. పైగా నేను చెప్పింది తెలుగు మాత్రమే కాదు, తీరిక దొరికితే లెక్కలు కూడా చెప్పేదాన్ని!

గండిమైసమ్మ దగ్గర బస్సెక్కినప్పటి నుంచి నా ఒళ్లో పుస్తకాలే. మేడ్చల్‌లో దిగి షేర్ ఆటో ఎక్కితే అందులోనూ దిద్దేదాన్ని. కూరగాయల గంపతో రోజూ నా పక్కన కూర్చునే ఒకామె మార్కులు తొంగి చూసేది.

"గా పోరనికి ఇంక రెండేస్తె ఏంబోతది టీచరమ్మా? సూడు, ఎంత పొడుగు రాసిండో."

"పొడుగు రాస్తే కాదమ్మా, సరిగ్గ రాయాలె."

"మీరు గీ ఆటోల సరిగ్గనే దిద్దుతున్రా మరి?"

నేను ఆమెను చదువు లేని మనిషి అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు సలహా ఇచ్చినవాళ్లందరి గురించీ ఏదో ఒకటి అనుకుని తప్పించుకునేదాన్ని.

"నీ ఇష్టం"

మా హెడ్మాస్టరు యాదగిరి సారు. శామీర్‌పేట వైపు భూములున్న కుటుంబం వాళ్లది. నాలుగున్నర కాగానే సొరుగుకు తాళం వేసి, "ఇగ పోదమా?" అని లేచేవారు. ఆయన బద్ధకస్తుడని పదేళ్లు గట్టిగా నమ్మాను. ఆయన వెళ్లాక ఇంకో గంట కూర్చుని, నేనే బడిని మోస్తున్నానని మురిసిపోయేదాన్ని.

నేను పదకొండేళ్లు ఒక్క క్యాజువల్ లీవు కూడా పెట్టలేదు. ఏడాది చివర నా సెలవులు మురిగిపోతుంటే పతకాలు వచ్చినట్టు లెక్కబెట్టుకునేదాన్ని. ఎవరు అడిగినా, అడగకపోయినా ఆ మాట చెప్పేదాన్ని.

కరుణ మా బడికి సైన్సు టీచరుగా వచ్చింది. పేట్ బషీరాబాద్‌లో తల్లితో ఉండేది. తండ్రి లేడు. ఇల్లంతా ఆ అమ్మాయి జీతం మీదే నడిచేది. మా సంఘమే. స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ. "జూనియర్, జర చూస్కోండి మేడమ్," అని సారు నాకు అప్పజెప్పారు. చూసుకున్నాను. నా పద్ధతంతా ఎక్కించాను. రోజూ అన్ని పుస్తకాలు దిద్దడం, లీజర్ పీరియడ్లో వేరేవాళ్ల తరగతికి వెళ్లడం, నిలబడి అన్నం తినడం. మూడేళ్లలో ఆ అమ్మాయి చక్కగా నాలా తయారైంది. అది చూసి స్తోత్రం చెల్లించాను కూడా.

ఒకసారి కరుణ మెల్లగా అడిగింది.

"టీచర్, రేపు ఒక్క దినం సి.ఎల్. వెడ్త అనుకుంటున్న. ఏమనుకోరు గదా?"

"పెట్టుకో బిడ్డా, ఎవలద్దన్నరు? నేనైతే పదకొండేండ్లల్ల ఒక్కటి పెట్టలె. నీ ఇష్టం."

మర్నాడు కరుణ బడికి వచ్చింది. నేను సంతోషించాను. బెత్తంతో ఎవరినీ కొట్టలేదని ఇన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నాను కానీ ఆ "నీ ఇష్టం" ఎంత గట్టిగా తగిలిందో తరువాత తెలిసింది.

ఏడో తరగతి సర్దుబాటు

సువార్తమ్మ గారు వచ్చి వెళ్లిన మర్నాడు, మంగళవారం, ప్రార్థన గంట కొట్టగానే యాదగిరి సారు చెప్పారు.

"రూత్ మేడమ్, కరుణ టీచర్ రాలె. ఏడో తరగతి మీరు జూస్కోండి."

చీటీ సంగతికి రాత్రంతా సిగ్గుతో చచ్చిన దాన్ని కదా, నాకు కరుణ పైన జాలి కలగాలి. కలగలేదు. "ఇప్పటి పిల్లలకు ఓపికే లేదు," అని గొణుక్కున్నాను. అది నా బుర్ర పరిస్థితి.

తరగతికి వెళ్తూ ఏ పాఠంలో ఉందో చూద్దామని ఆమె బల్ల మీది పాఠ్య ప్రణాళిక పుస్తకం తెరిచాను. చక్కటి దస్తూరి. మొన్న నేను ముచ్చటపడి మెచ్చుకున్న దస్తూరి.

ఎలాంటి చేతిరాతనైనా చదవగలనని మందిరంలో పేరు తెచ్చుకున్న నేను, మూడేళ్లుగా మోచేయి తగిలేంత దగ్గర కూర్చున్న మనిషి రాతను గుర్తుపట్టలేదు. ఆ పుస్తకం పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లాను. నేను వెతకలేదు, కట్టుబాటు మీరలేదు అని నాకు నేనే చెప్పుకుంటూ వెళ్లాను. జరిగిందంతా, టిక్కులతో సహా, సారుకు చెప్పాను.

ఆయన నవ్వలేదు. సొరుగు తాళం తీసి ఒక కవరు బల్ల మీద పెట్టారు.

"శనివారం ఇచ్చింది. రాజీనామా. నేను పైకి పంపలె. అచ్చే సోమవారం దాక నా సొరుగుల వెడ్త, గప్పటికి గూడ గదే మాట మీదుంటె పంపిస్త అని జెప్పిన."

"మీకు ముందే తెల్సా సార్? నాకు ఒక్క మాట జెప్పలేదు?"

"మీకు జెప్తే ఏం జేస్తరు మేడమ్? మీ సర్వీసంత మొదటికెల్లి ఇనిపిస్తరు. గప్పుడు సోమవారం దాక గూడ ఆగది."

బడి నుంచి ఒక టీచర్ పోవడం ఒక ఎత్తు. ఉద్యోగం పోతే ఆ తల్లీ కూతుళ్లకు వేరే ఆధారం లేదు. అంతకంటే, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి పిల్లలను చూసి భయపడుతూ ఇంట్లో కూర్చుంటుంది. మధ్యలో ఆరు రోజులు ఉన్నాయి.

"నేను పోయి మాట్లాడుత సార్."

"పోండ్రి. గని మాట్లాడకుండ్రి. ఇనుండ్రి."

బియ్యం డబ్బా

ఆ సాయంత్రం నేను పేట్ బషీరాబాద్ వెళ్లేసరికి కరుణ వాళ్లమ్మ పక్కింటి నుంచి గిన్నెలో బియ్యం తెచ్చుకుంటోంది.

"రా టీచరమ్మా. ఏం జెప్పాలె? శనివారం సంది బియ్యం డబ్బా ముట్టనిస్తలేదు. అడిగితే ఏడుస్తది. పక్కింట్ల అడుక్కొచ్చి వండుతున్న."

కరుణ మంచం చివర కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. హెడ్మాస్టరు చెప్పిన మాట గుర్తుంది. మాట్లాడకూడదు. ఒక నిమిషం పాటు నోరు మూసుకోవడం ఎంత కష్టమో టీచర్లకే తెలుస్తుంది.

"డబ్బాల ఏమున్నది కరుణా?" అన్నాను చివరికి.

"పుస్తకాలు టీచర్. ఏడో తరగతియి, ఎనిమిదో తరగతియి. కండ్లముంగట ఉంటె ఊపిరాడ్తలేదు. బియ్యం కింద వెట్టిన."

అప్పుడు చెప్పాను. చీటీ నా చేతికి వచ్చిందని, చదవకుండానే టిక్కులు పెట్టానని, ఏమి రాశానో కూడా. అక్షరం తప్పకుండా చెప్పాను. కరుణకు ఆ సంగతి తెలియదు, నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. చెప్పకుండా ఉండాలని ఆటోలో వచ్చినంత సేపూ నా ప్రాణం కొట్టుకుంది.

కరుణ నన్ను అలాగే చూసింది. ముఖం ఎర్రబడింది.

"మీకు జెప్తే గిట్లనే అంటరని, మీకు జెప్పలేక దేవునికి రాసిన టీచర్. దేవునికి రాస్తె గూడ మీ చేతికే అచ్చిందా!"

వాళ్లమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నేను తల వంచుకున్నాను. కాసేపటికి చిన్నగా ఏదో శబ్దం వినిపిస్తే కరుణ ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "ఇలాగే కొనసాగించు," అని నా గొంతుతో అని మళ్లీ నవ్వింది. నవ్వి నవ్వి, ఆ తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "మీ ఇద్దరికీ ఏమైందమ్మా?" అని వాళ్లమ్మ కూడా మొదలుపెట్టింది.

అందరం కళ్లు తుడుచుకున్నాక కరుణ అడిగింది. "మీకెప్పుడన్న బడంటె భయమైందా టీచర్?"

లేదని చెప్పబోయి ఆగాను. ఆ ఏడాది నాకు పిల్లల పేర్లు గుర్తుండటం లేదు. అందరినీ "ఇదిగో అమ్మాయ్" అంటున్నాను. సుద్దముక్క విరిగిందని ఒక రోజు తరగతిలో కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పెన్సిల్ కింద పడేసిందని ఒక పిల్లను అరగంట తిట్టాను. మా ఆయన భోజనం దగ్గర ఏదో అడిగితే, "నిలబడి అడుగు," అన్నాను. పాపం, నిలబడ్డాడు. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి రేపు మళ్లీ బడి అనుకుని గడియారం చూడటం మొదలుపెట్టేదాన్ని. ఇదంతా వయసు వల్ల అనుకున్నాను.

"అయితున్నది బిడ్డా," అన్నాను. "రోజూ అయితున్నది."

ఆ మాట బయటికి వచ్చాక తేలికనిపించింది. అంతే, వెంటనే పాత రూతమ్మ లేచింది.

"గా పుస్తకాలన్ని నాకియ్యి. రెండ్రోజులల్ల దిద్ది పంపిస్త."

"గిదే టీచర్!" కరుణ రెండు చేతులూ ఎత్తింది. "సచ్చిపోతున్న అంటుంటె పుస్తకాలియ్యి అంటరు. గిదే!"

ఆ పుస్తకాలను బియ్యంలోంచి తీసి, దులిపి, దిద్దకుండానే బుధవారం పిల్లలకు పంచాను. కొన్నింటిలోంచి బియ్యపు గింజలు రాలాయి. ఒక్క పిల్ల కూడా ఎందుకు దిద్దలేదని అడగలేదు. ఇరవై నాలుగేళ్లుగా వాళ్లు దాని కోసం ఎదురు చూస్తుంటారని నేననుకున్నాను.

ఆ సాయంత్రం స్త్రీల కూడికలో సువార్తమ్మ గారు ఆ మనవిని వేరే తెల్లకాగితం మీద తన చేత్తో తిరిగి రాసుకొచ్చి చదివారు. అందరితో పాటు నేనూ మోకరించాను. ఈసారి ప్రతి మాటా విన్నాను.

పదకొండేళ్ల తర్వాత నా సెలవు

కరుణకు మెడికల్ లీవు పెట్టించాలని సారు అనుకున్నారు. కానీ నాకో షరతు పెట్టారు.

"ముందు మీరొక సి.ఎల్. వెట్టుండ్రి మేడమ్. రేపే."

"నాకేమైంది సార్? నేను బాగనే ఉన్న."

"మీరు తీస్కోరు, ఇంకొకల్లను తీస్కోనియ్యరు. మీరు ఇంట్ల కూసున్నరని తెలిస్తెనే గా పిల్ల కూసుంటది. బడి కోసం జెయ్యుండ్రి."

బడి కోసం అన్నాక నేను కాదనలేను. ఆయనకది తెలుసు.

గురువారం సెలవు. ఏడుకల్లా వంట అయిపోయింది. మా ఆయన పనికి వెళ్లిపోయాడు. తొమ్మిదిన్నరకు, బడిలో ప్రార్థన గంట కొట్టే వేళకు, నాకు తెలియకుండానే వంటింట్లో నిటారుగా నిలబడి ఉన్నాను. కూర్చుందామని చూస్తే ఎదురుగా పోపు డబ్బాలు. వాటన్నింటికీ పేర్లు రాసి అంటించి, అక్షరమాల వరుసలో సర్దాను. సాయంత్రం మా ఆయన వెతుక్కుంటూ, "గీ ఇంట్ల చాయ్‌పత్త దొరకాల్నంటె అక్షరాలు దిద్దాల్నా?" అన్నాడు.

పన్నెండు దాకా ఓర్చుకుని బడికి బయలుదేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ లేవలేదు.

"సారు తియ్యొద్దన్నడు టీచరమ్మా."

"నా టిఫిన్ డబ్బా లోపల మర్సిపోయిన నర్సింహా. తీస్కొని ఎల్లిపోత."

"గది గూడ జెప్పిండు సారు. డబ్బ కోసం అస్తరని." ఊచల సందులోంచి నా టిఫిన్ డబ్బా నా చేతికిచ్చాడు. కడిగి ఉంది కూడా.

డబ్బా చంకలో పెట్టుకుని శామీర్‌పేట వైపు వెళ్లే బస్సు ఎక్కాను. ఎందుకెక్కానో తెలియదు. కిటికీ పక్కన కూర్చున్నాను, ఒళ్లో ఏ పుస్తకమూ లేదు. మళ్లీ కళ్లు తెరిచేసరికి బస్సు ఆఖరి స్టాపులో ఆగి ఉంది, కండక్టరు నా ముందు నిలబడి ఉన్నాడు.

"యాడ దిగాలె అమ్మా?"

"తెల్వది," అన్నాను. నిజంగానే తెలియదు. ఆయన ఒక చూపు చూసి, "సరే, పండుకోండ్రి. మళ్ల గదే తొవ్వల వోతది," అన్నాడు. తిరుగు ప్రయాణంలోనూ నిద్రపోయాను. ఆ కండక్టరు పేరు అడగలేదు. దేవుడు ఆయనను చల్లగా చూడాలి.

సొరుగులో ఉత్తరం

సోమవారం కరుణ తల్లితో కలిసి బడికి వచ్చింది. సారు సొరుగు తీసి కవరు బల్ల మీద పెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, నోరు మూసుకుని.

"పంపాల్నా?"

కరుణ కవరు వైపు చూసింది. బయట ఏడో తరగతి పిల్లలు పద్యం అప్పజెబుతున్నారు.

"ఇంక కొన్ని రోజులు సొరుగులనే ఉండనియ్యండ్రి సార్."

"ఉండనీ. దానికేమన్న అన్నం వెట్టాల్నా?" అని సారు సొరుగు మూసేశారు.

కరుణ నెలన్నర సెలవులో ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లింది, కొన్నాళ్లు మందులు వాడింది. మా సంఘంలో కొందరు, ప్రార్థన చేస్తే పోయేదానికి మందులెందుకు అన్నారు. సువార్తమ్మ గారు, "మోకాలు నొప్పికి మందేసుకుంటలేవా నువ్వు?" అని వాళ్ల నోరు మూయించారు. ప్రార్థనకూ, ఆ డాక్టరమ్మకూ నేను సమానంగా కృతజ్ఞురాలిని.

తిరిగొచ్చాక మొదటి నెల కరుణకు రోజుకు మూడే పీరియడ్లు. మిగతావి అందరం పంచుకున్నాం. ఆ ఉత్తరం నాలుగు నెలలు సొరుగులోనే ఉంది. ఒక రోజు కరుణే అడిగి తీసుకుంది. వెనక వైపు తెల్లగా ఉందని దాని మీద గుండె బొమ్మ గీసి, గదులకు పేర్లు పెట్టి, ఎనిమిదో తరగతికి తీసుకెళ్లింది.

కొత్తగా చేరేవారికి

పుస్తకాలు ఇంటికి మోయకండి. తరగతిలోనే రోజుకు పదిమందిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు చూస్తుండగా దిద్దండి. నేను ఆఖరి ఏడేళ్లు అలాగే చేశాను. నా ఎర్ర సిరా ఖర్చు తగ్గింది, పిల్లల తప్పులూ తగ్గాయి. వాళ్లకు కావలసింది పేజీ కింద నా మాట కాదట, పక్కన నేను కూర్చోవడమట. మా అమ్మ చేసింది కూడా అదే. నేను సగమే నేర్చుకున్నాను.

కూర్చుని తినండి. తింటున్నప్పుడు పిల్లల మార్కుల గురించి మాట్లాడకూడదని మా స్టాఫ్ రూంలో నియమం పెట్టుకున్నాం. మొదటి వారం ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియక పప్పు గురించే మాట్లాడుకున్నాం.

సెలవు పెట్టండి. మీ జూనియర్లు చూసేలా పెట్టండి. సెలవు పెట్టని సీనియర్ని నమ్మకండి, నాతో సహా.

నిద్ర పట్టకపోయినా, పిల్లల పేర్లు మరిచిపోతున్నా, చిన్నదానికి ఏడుపొస్తున్నా, మీలో లోపముందని అనుకోకండి. ఎవరికైనా నోరు తెరిచి చెప్పండి. చెప్పినప్పుడు ఎదుటివారు తమ సర్వీసు గురించి మొదలుపెడితే లేచి వచ్చేయండి, ఇంకొకరికి చెప్పండి.

హెడ్మాస్టర్ల గురించి ఒక మాట. గట్టిగా అరిచేవారిని, రాత్రి దాకా కూర్చునేవారిని గొప్పవారనుకుంటాం. నేను చూసినవారిలో మంచి అధికారి, ఒక ఉత్తరాన్ని పైకి పంపకుండా తాళం వేసి ఉంచిన మనిషే. ఆయనను బద్ధకస్తుడని అనుకున్నందుకు ఆయన రిటైర్మెంటు సభలో క్షమాపణ అడిగాను. "బద్ధకస్తున్నే మేడమ్. గందుకే బతికున్న," అన్నారు.

ఇప్పుడు

యాదగిరి సారు రిటైరయ్యారు, ఆ తర్వాత నేనూ. ఆ స్థానంలోకి కొత్త హెడ్మాస్టరు రాలేదు. బడిలో ఉన్నవారిలో సీనియర్ కరుణే కాబట్టి ఇన్‌ఛార్జిగా బడంతా చూసుకుంటోంది. సైన్సు తరగతులు చెబుతూనే, ఇద్దరు టీచర్లు బదిలీ అయి వెళ్తే వాళ్ల పీరియడ్లు కూడా తనే తీసుకుంటోంది. పిల్లలకు ఆమె అంటే ప్రాణం.

మొన్న సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేశాను.

"యాడున్నవ్ బిడ్డా?"

"బడిలనే టీచర్. ఇగ అయిపోయింది. పది నిమిషాలల్ల ఎల్త."

"అన్నం తిన్నవా పగటీలి?"

"తిన్న టీచర్," అంది. నిలబడి తిన్నదని నాకు తెలుసు.

తిట్టాలనుకున్నాను, పాఠం చెప్పాలనుకున్నాను. ఆమెకు అది నేర్పినదాన్ని నేనే. అందుకని ఫోన్ పెట్టేయకుండా, ఆమె సంచి సర్దుకుని, గదికి తాళం వేసి, మేడ్చల్ ఆటో ఎక్కేదాకా మాట్లాడుతూ ఉన్నాను. ఇప్పుడు వారంలో రెండు రోజులు అలాగే చేస్తున్నాను. మిగిలిన రోజులు నా చేతిలో లేవు.

ఇంతవరకు ఓపికగా చదివినందుకు మీకు కృతజ్ఞతలు. నా గురించి చింత అక్కర లేదు, నేను పగలు కూడా నిద్రపోతున్నాను. మీరు మందిరానికి వెళ్లేవారైనా, గుడికి వెళ్లేవారైనా, మసీదుకు వెళ్లేవారైనా, ఎక్కడికీ వెళ్లనివారైనా ఒక్క మాట అడుగుతున్నాను. ఈ పూట మీరు స్థిమితంగా కూర్చున్నప్పుడు, మేడ్చల్ దారిలో ఒక బడిలో ఇంకా దీపం వేసుకుని కూర్చున్న కరుణ అనే టీచర్ని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.